పిల్లలు కోర్సు ఎంచుకోరు, పనులు కొట్టేసుకుంటారు

సంపాదకులు గారికి నమస్కారం.

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు మీ పత్రికలో ఒక పేజీ నిండా చెట్టు బొమ్మ వేశారు. మొదలు దగ్గర పదో తరగతి, కొమ్మల మీద ఇంటర్ గ్రూపులు, పాలిసెట్ రాస్తే దొరికే మూడేళ్ళ డిప్లొమా, ఐటీఐ ట్రేడులు, నూజివీడు ట్రిపుల్ ఐటీ, రెండేళ్ళ వ్యవసాయ పాలిటెక్నిక్. డిప్లొమా చేసినవాళ్ళు ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చని చిన్న అక్షరాల్లో వేశారు. ఆ సంగతి మా వైపు చాలామంది తల్లిదండ్రులకు తెలియదు, మేలు చేశారు. ఆ పేజీ కత్తిరించి మా స్టాఫ్ రూము గోడకి అంటించుకున్నాం.

అయినా ఒక మాట చెప్పాలనిపించి రాస్తున్నాను. ఆ చెట్టు కిందికి వచ్చేసరికే మా పిల్లలు ముప్పాతిక కొమ్మలు నరికేసుకుని వస్తున్నారు. ఎవరూ చెప్పకుండానే, ఎవరికీ చెప్పకుండానే. అది ఎప్పుడు జరుగుతోందో, ఎలా జరుగుతోందో మనం చూడటం లేదు. ఉత్తరం కాస్త పొడుగవుతుంది. వీలుంటే కత్తిరించకుండా వేయండి.

నేను కోనసీమలో రాజోలు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. 2002లో ఉద్యోగంలో చేరాను. 2013లో ఎన్‌సీఈఆర్‌టీ వారి గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా చేశాను. కొన్ని నెలలు ఇంట్లో కూర్చుని చదివి, మూడు నెలలు మైసూరులో ఉండి పాఠాలు విని, ఆ తర్వాత మూడు నెలలు మన ఊళ్ళోనే పిల్లలతో కూర్చుని చేసే కోర్సు అది. ఇద్దరు పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి మూడు నెలలు మైసూరు ఎందుకు వెళ్ళానంటే, అంతకుముందు నేనొక తప్పు చేశాను.

2011లో మా స్కూల్లో ఒక అబ్బాయి పది పాసయ్యాడు. ఊరికి మొదటివాడు. వాళ్ళ నాన్న గారికి ఎకరంన్నర వరి, పక్కన లీజుకు తీసుకున్న చిన్న రొయ్యల చెరువు. ఆ ఏడాదే కోనసీమ రైతులు గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించి సార్వా (ఖరీఫ్) నాట్లు వేయకుండా చేలు వదిలేశారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తండ్రి నా దగ్గరికి వచ్చి, "బురద అంటకుండా బతకాలండి టీచర్ గారూ మా వోడు. ఏం చదివించమంటారో మీరే చెప్పండి, మీరేం చెప్తే అదేనండి" అన్నారు. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. తెలివైన కుర్రాడు కాబట్టి ఎంపీసీ అన్నాను. దూరంగా హాస్టల్ ఉన్న ఒక ప్రైవేటు కాలేజీ అన్నాను. అబ్బాయిని అడగలేదు. వాడు పక్కనే నిలబడి ఉన్నాడు.

నాలుగు నెలలకి వాడు తిరిగొచ్చేశాడు. రెండేళ్ళు ఏ పుస్తకమూ ముట్టలేదని విన్నాను. నాకు ఎదురుపడితే సైకిలు మళ్ళించి ఇంకో వీధిలోంచి వెళ్ళేవాడు.

నన్ను ఇప్పటికీ కుదిపేసేది వాడు చదువు మానటం ఒక్కటే కాదు. వాడు తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక రోజు పొద్దున్నే, ఇంకా ప్రార్థన గంట కొట్టకముందు, ఒక పాత మంచినీళ్ళ సీసాలో చెరువు నీళ్ళు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "టీచర్, రొయ్యలు రాత్రంతా అడుగునే ఉండి తెల్లారుజామునే గట్టు వారకి పైకి ఎందుకొస్తాయండి? సాయంత్రం రావు కదండి?" అని అడిగాడు. పగలు నీళ్ళలో నాచు ప్రాణవాయువు తయారుచేస్తుంది, రాత్రి వెలుతురు లేక అదే నాచు ప్రాణవాయువును తీసుకుంటుంది, రొయ్యలూ తీసుకుంటాయి, అందుకే తెల్లారేసరికి నీళ్ళలో అది బాగా తగ్గిపోతుంది, ఊపిరాడక పైకొస్తాయి అని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే మబ్బు పట్టిన రోజు మర్నాడు ఇంకా ఎక్కువ వస్తాయన్నమాట" అన్నాడు. నిజమే. మబ్బు రోజు నాచు పని మందగిస్తుంది. నేను ఆ ముక్క చెప్పలేదు, వాడే లెక్క కట్టాడు.

నేను వాడికి జవాబు చెప్పాను, శభాష్ అన్నాను, గంట కొట్టారు, వెళ్ళిపోయాం. వాడు ఏం చదవాలో ఆ పొద్దునే వాడి నోటితో చెప్పేశాడు. రెండేళ్ళ తర్వాత వాళ్ళ నాన్న గారు అడిగినప్పుడు నాకు ఆ సీసా గుర్తుకు రాలేదు, మార్కులు గుర్తుకొచ్చాయి.

మనుషులు తమ పనిని ఎలా ఎంచుకుంటారో చెప్పే కెరీర్ సిద్ధాంతాలు మన దాకా వచ్చేసరికి పేర్లూ, పటాలూ మాత్రమే మిగులుతాయి. టీచర్ల శిక్షణలో రెండు స్లయిడ్లు వేసి దాటేస్తారు. నేను వాటిని చదివింది పరీక్ష కోసం కాదు, ఆ సీసా నాకెందుకు కనపడలేదో తెలుసుకోవటానికి. అలా చదివితే వాటిలో ప్రాణం ఉంది.

ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన 1908లో అమెరికాలో బోస్టన్ నగరంలో యువకులకు పని ఎంపికలో సలహా ఇచ్చే కార్యాలయం ఒకటి తెరిచాడు. పల్లెల నుంచి, పరాయి దేశాల నుంచి వచ్చి ఏ ఫ్యాక్టరీలో ఏ పని దొరికితే అందులో పడిపోతున్న కుర్రాళ్ళను చూసి తెరిచాడు. ఆయన చెప్పింది మూడు ముక్కలు: ముందు నిన్ను నువ్వు తెలుసుకో, తర్వాత పని సంగతి తెలుసుకో, ఆ తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించు. నూట పదిహేనేళ్ళు దాటింది. మన దగ్గర మే నెలలో జరిగే సభల్లో ఇప్పటికీ రెండో ముక్క ఒక్కటే ఉంటుంది. షామియానా వేస్తారు, ఏ కోర్సుకు ఎన్ని సీట్లు, ఎంత ప్యాకేజీ అని మైకులో చెప్తారు. చాలాసార్లు చెప్పేది ఏదో ఒక కాలేజీ తరఫున వచ్చిన మనిషే. పిల్లాడి గురించి పిల్లాణ్ణి ఒక్క ప్రశ్న అడిగినవాళ్ళను నేను చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1981లో ఒక సిద్ధాంతం రాసింది. పిల్లలు పెద్దయ్యాక ఏమవ్వాలో ఎంచుకుంటారని మనం అనుకుంటాం కదా, వాళ్ళు చేసేది ఎంచుకోవటం కాదు, వద్దనుకున్నవి ఒక్కొక్కటిగా తీసేయటం అంటుందావిడ. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య, ఇది ఆడవాళ్ళ పని, అది మగవాళ్ళ పని అని తీసేస్తారు. తొమ్మిది నుంచి పదమూడేళ్ళ మధ్య, ఇది తక్కువ పని, అది మనకు అందని పని అని తీసేస్తారు. పద్నాలుగు దాటాకే తన ఇష్టం, తన గుణం లెక్కలోకి వస్తాయి. అప్పటికి చేతిలో మిగిలిన నాలుగు పనుల్లోనే ఇష్టాన్ని వెతుక్కోవాలి. ఒకసారి తీసేసినదాన్ని, బయటి నుంచి ఏదో కొత్త అనుభవం తగిలితే తప్ప, మళ్ళీ తిరిగి చూడరు.

మైసూరులో ఈ పాఠం విన్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. తిరిగొచ్చాక ఎనిమిదో తరగతి పిల్లలతో ఒక పని మొదలుపెట్టాను. ఒక కాగితం మీద నలభై పనులు రాసి జిరాక్సు తీయించాను. మా చుట్టుపక్కల కనపడేవే ఎక్కువ. కొబ్బరి కాయల దింపు, పీచు వలుపు, చేపలవేట, రొయ్యల చెరువు నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు, పంటు (గోదావరి దాటించే పడవ) నడపటం, లైన్‌మన్, డీజిల్ మెకానిక్, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, లేసు అల్లిక, వంటమేస్త్రి, పశువుల డాక్టరు, బ్యాంకు ఉద్యోగం, టీచరు, పోలీసు, వకీలు, కంప్యూటర్ ఇంజనీరు, కలెక్టరు, ఇలా. నచ్చినవాటికి టిక్కు పెట్టమని అనను. ఎప్పటికీ చేయను అనుకున్నదాన్ని కొట్టేయండి, ఏది ముందు కొట్టేశారో నంబరు వేయండి, ఎందుకో పక్కన రెండు మాటలు రాయండి అంటాను.

ఏటేటా అదే వరస. ఆడపిల్లలు ముందు లైన్‌మన్, డీజిల్ మెకానిక్, పంటు కొట్టేస్తారు. పక్కన "మగాళ్ళ పని". మగపిల్లలు నర్సు, లేసు కొట్టేస్తారు. పక్కన "ఆడాళ్ళ పని". తర్వాత దింపు, వలుపు, వేట. పక్కన "పరువు", "ఎండ", "నవ్వుతారు". చివర్లో డాక్టరు, వకీలు, కలెక్టరు. పక్కన "డబ్బులు ఉండాలి", "మాకు రాదు". ఆఖరికి కాగితం మీద నాలుగైదు మిగులుతాయి. టీచరు, పోలీసు, బ్యాంకు, సాఫ్ట్‌వేర్. ఆ నాలుగూ వాళ్ళకి ఇష్టమని కాదు. కొట్టేయటానికి కారణం దొరకలేదు, అంతే.

ఒక అబ్బాయి కాగితం నా బీరువాలో దాచుకున్నాను. కొబ్బరి దింపు మీద బాల్‌పెన్నుతో అటూ ఇటూ ఎన్నిసార్లు గీశాడో, అక్కడ కాగితం చిరిగింది. పక్కన కారణం రాయమన్న చోట "మా నాన్న" అని రెండే మాటలు. వాళ్ళ నాన్న దింపు కార్మికుడు, అంతకు ముందు ఏడాది చెట్టు మీంచి పడి నడుముకి దెబ్బ తగిలించుకున్నాడు. ఆ కాగితం చూశాక వాడిని ఏ కోర్సులో చేరతావని అడగటానికి నాకు నోరు రాలేదు. ముందు నాన్న ఎలా ఉన్నారని అడిగాను. అరగంట మాట్లాడాడు. చెట్టు ఎక్కకుండా కింద నుంచే కాయ దింపే యంత్రం ఎవరైనా చేస్తే బాగుండునని వాడే అన్నాడు. అంబాజీపేట కొబ్బరి పరిశోధన కేంద్రంలో కొబ్బరి మీదే పనిచేసే శాస్త్రవేత్తలు ఉన్నారని చెప్తే వాడికి ఆశ్చర్యం. కొబ్బరి అంటే చెట్టు ఎక్కటమో, కొట్లో కూర్చుని కొనటమో అనే వాడి లెక్క. మధ్యలో ఇంకెన్ని పనులున్నాయో ఎవరూ చూపించలేదు.

కొట్టేసినదాన్ని "అలా అనకూడదు" అని ఉపన్యాసం ఇస్తే పిల్లలు తలూపుతారు, మార్చుకోరు. పోయినేడు డ్వాక్రా సంఘం తరఫున డ్రోన్‌తో చేలో మందు కొట్టటం నేర్చుకున్న ఒకావిడను బడికి పిలిచాను. పదో తరగతి దాకా చదివిన మనిషి. మా పిల్లలు చుట్టూ మూగి డ్రోన్ గురించి తక్కువ, ఆవిడ గురించి ఎక్కువ అడిగారు. "మీ ఆయన ఒప్పుకున్నారాండి?" "బరువుంటుందాండి?" "మొదటిసారి చెయ్యి వణికిందాండి?" వణికిందని ఆవిడ చెప్పింది. ఆ సాయంత్రం ఇద్దరు అమ్మాయిలు వచ్చి, "టీచర్, మా కాగితాలు ఒకసారి ఇస్తారా, ఒకటి కొట్టేశాం, దాన్ని మళ్ళీ రాసుకుంటాం" అన్నారు. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో చెప్పిన సంగతే ఇది. నేను చేయగలను అనే నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందంటాడు: తాను చేసి గెలవటం, తనలాంటివాళ్ళు చేస్తుంటే చూడటం, నమ్మినవాళ్ళు చెప్పటం, ఒంట్లో భయం తగ్గటం. 1994లో లెంట్, బ్రౌన్, హాకెట్ అనే ముగ్గురు దీన్ని కెరీర్ ఎంపికకు అన్వయించారు. ఇందులో "తనలాంటివాళ్ళు" అన్నదే కీలకం. కలెక్టరు గారు వచ్చి మాట్లాడితే పిల్లలు చప్పట్లు కొడతారు. పక్క ఊరి ఆవిడ వచ్చి మాట్లాడితే కాగితం వెనక్కి అడుగుతారు.

అన్నిటికన్నా బలమైనది మాత్రం మొదటిదే, తాను చేసి గెలవటం. సఖినేటిపల్లి వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి ఉండేది. ఆ అమ్మాయి కాగితంలో సగం పనులు "లెక్కలు రావు" అన్న కారణంతో పోయాయి. వాళ్ళమ్మా అమ్మమ్మా నరసాపురం ఏజెంట్ల దగ్గర దారం తెచ్చుకుని లేసు అల్లుతారు. ఈ పిల్ల కూడా చిన్నప్పటి నుంచి క్రోషె సూది పట్టింది. ఒకసారి గుండ్రటి టేబుల్ గుడ్డ ఒకటి తెచ్చి చూపించింది. ఎన్ని కుట్లు వేయాలో నీకెలా తెలుస్తుందని అడిగాను. "మొదటి వరసకి పన్నెండు, రెండో వరసకి ఇరవై నాలుగు, తర్వాత ముప్పై ఆరు, అలా పన్నెండు పన్నెండు పెంచుకుంటూ పోవాలండి. తక్కువేస్తే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువేస్తే అంచు అలలు తిరుగుతుంది" అంది. ఇరవయ్యో వరసకి ఎన్ని అన్నాను. నోటితోనే రెండు వందల నలభై అంది. లెక్కల మేష్టారు పక్కనే ఉన్నారు. ఆయన ఆ గుడ్డను తీసుకెళ్ళి పదో తరగతి శ్రేఢుల పాఠం ఆ అమ్మాయి చేతే బోర్డు దగ్గర చెప్పించారు. సామాన్య భేదం అంటే ఏంటో తరగతికంతా సూదితో చూపించింది. ఆ పిల్ల పబ్లిక్ పరీక్షలో లెక్కల్లో తొంభై తెచ్చుకుందని రాయను, తెచ్చుకోలేదు. పాసయింది, పాలిసెట్ రాసింది, డిప్లొమా చేసింది. "లెక్కలు రావు" అన్న మాట మాత్రం మళ్ళీ ఆ పిల్ల నోటి వెంట నేను వినలేదు.

జాన్ హాలండ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఫోన్లలో పిల్లలు చేసే ఆసక్తి పరీక్షల్లో చాలావాటికి మూలం ఆయనే. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరినవాళ్ళను ఇంటర్వ్యూ చేసే పనిలో ఉన్నప్పుడు మనుషులు కొన్ని రకాలుగా కనపడుతున్నారని ఆయనకు అనిపించింది. 1959లో సిద్ధాంతంగా రాశాడు. ఆరు రకాలు. నా మాటల్లో అయితే చేత్తో చేసేవాళ్ళు, ఎందుకని అడిగేవాళ్ళు, కొత్తగా అల్లేవాళ్ళు, మనుషుల్ని చూసుకునేవాళ్ళు, బేరం నడిపేవాళ్ళు, పద్దు తప్పనివాళ్ళు. చక్కటి జల్లెడ. కానీ తెలుగులోకి మార్చిన ప్రశ్నాపత్రం మా పిల్లలకి ఇస్తే మూడొంతుల మంది మనుషుల్ని చూసుకునే రకమే అని వచ్చింది. ఇతరులకి సాయం చేయటం ఇష్టమా అని రాసి ఉంటే, కాదు అని రాస్తే తప్పనుకున్నారు పాపం. పైగా ల్యాబ్‌లో పనిచేయటం ఇష్టమా అంటే, ల్యాబ్ లోపలికి అడుగు పెట్టని పిల్ల ఏం చెప్తుంది? ఆసక్తి అనుభవం లేకుండా పుట్టదు. అందుకే నేను ప్రశ్నాపత్రం పక్కన పెట్టి, ఆ ఆరు రకాలనూ నా చూపుకి వాడుకుంటున్నాను. ఎవరు ఎగ్జిబిషన్‌లో వైర్లు సరిచేస్తున్నారు, ఎవరు మధ్యాహ్న భోజనం దగ్గర చిన్నపిల్లలకి ముందు పెట్టిస్తున్నారు, ఎవరు పెన్నులు కొని అమ్ముతున్నారు అని ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాను. ఆ రోజు ఆ పుస్తకం నా దగ్గర ఉండి ఉంటే, చెరువు నీళ్ళ సీసా అందులో ఉండేది.

డొనాల్డ్ సూపర్ అనే ఆయన ఇంకో సంగతి చూపించాడు. ఆయన లెక్కలో పదిహేను నుంచి ఇరవై నాలుగేళ్ళ దాకా వెతుక్కునే కాలం. పదేళ్ళు. మనం ఆ పదేళ్ళనూ ఫలితాలొచ్చాక పదిహేను రోజుల్లో తేల్చేయమంటున్నాం. 1980లో ఆయన ఇంద్రధనుస్సు బొమ్మ ఒకటి గీశాడు. ఒక మనిషి ఒకే వయసులో ఒకే పాత్రలో ఉండడు, బిడ్డగా, విద్యార్థిగా, పనివాడుగా, ఇల్లు నడిపేవాడుగా, పౌరుడుగా ఎన్నో పట్టీలు ఒకదాని మీద ఒకటి నడుస్తుంటాయని.

మా కోనసీమలో తల్లులు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్ళల్లో పనికి వెళ్ళిన కుటుంబాలు ఎన్నో మీకు తెలుసు. గోదావరి మధ్య ఉన్న ఒక లంక గ్రామం నుంచి వచ్చే అమ్మాయి, పదిలో మంచి మార్కులు వచ్చాయి, ఇంటర్ చేరను అంది. బైపీసీ ఇష్టమే, ఫీజు ఇబ్బంది లేదు, అమ్మ పంపిస్తుంది. ఎందుకు చేరవంటే చెప్పదు. కాగితం మీద ఆ ఇంద్రధనుస్సు గీసి, నీ రోజు ఇందులో నింపమన్నాను. విద్యార్థి పట్టీ సన్నగా, మిగతావన్నీ లావుగా వచ్చాయి. పొద్దున్నే నాలుగున్నరకి లేస్తుంది. నాన్నకి, ఆరో తరగతి తమ్ముడికి వంట, నాయనమ్మకి మందులు, సాయంత్రం తమ్ముడి చదువు. కాలేజీ బస్సు ఇంటికి చేరేసరికి ఏడవుతుంది, అప్పటిదాకా తమ్ముడు ఒక్కడే ఉంటాడని ఆ పిల్ల దిగులు. నేను ఏ గ్రూపు అని ఎన్నిసార్లు అడిగినా ఆ జవాబు వచ్చేది కాదు. పక్క వీధిలో ఉండే వాళ్ళ పిన్నితో మాట్లాడాం. సాయంత్రం రెండు గంటలు తమ్ముణ్ణి తన దగ్గర ఉంచుకుంటానంది. అంతే, ఆ అమ్మాయి చేరింది. ఇప్పుడు కాకినాడలో నర్సింగ్ చదువుతోంది. నేను చేసిన కౌన్సెలింగ్ అంతా ఆ రెండు గంటలు ఎవరు చూస్తారు అన్నదే.

ఈ సిద్ధాంతాలు చాలావరకు ఒక్క మనిషి తన గురించి తానే తేల్చుకుంటాడన్న లెక్కలో నడుస్తాయి. మన దగ్గర అలా ఉండదు. నాన్న, మేనమామ, దుబాయ్‌లో ఉన్న బాబాయి, వీళ్ళంతా కలిసి తేలుస్తారు. బెంగళూరులో ప్రామిస్ ఫౌండేషన్ నడిపే గిడియన్ అరుళ్మణి గారు దీని మీద మన దేశంలోనే ఏళ్ళ తరబడి పనిచేశారు. పిల్లవాడు పెరిగిన ఇంటి, వీధి నమ్మకాలే వాడిని ఒక పనికి సిద్ధం చేస్తాయి, వాటిని పక్కన పెట్టి పిల్లాడితో మాట్లాడితే లాభం లేదు అన్నది ఆయన దారి. ఇది నాకు బాగా అక్కరకొచ్చింది. ఇప్పుడు నేను తండ్రితో విడిగా మాట్లాడను. మూడు కుర్చీలు వేస్తాను. మధ్య కుర్చీలో పిల్లో పిల్లాడో కూర్చోవాలి, ముందు వాళ్ళే మాట్లాడాలి. మేనమామ గారు వస్తే నాలుగో కుర్చీ. "మీరేం చెప్తే అదేనండి" అన్న మాట వచ్చిందంటే నాకు భయం వేస్తుంది. "ఆయ్, అలా అనకండి, ముందు అమ్మాయి ఏమంటుందో విందాం" అంటాను. చాలాసార్లు ఆ తండ్రి ఆ మాట వినటం అదే మొదటిసారి.

ఇంకొకటి, క్లుప్తంగా. జాన్ క్రంబోల్ట్జ్, ఆయన సహచరులు 1999లో అనుకోని సంఘటనల గురించి రాశారు. జీవితంలో దారి మలుపులు చాలావరకు అనుకోకుండా వస్తాయి, వాటిని వాడుకునేలా పిల్లల్ని తయారుచేయాలి, కుతూహలం, పట్టుదల, సర్దుబాటు, ఆశ, కాస్త తెగింపు నేర్పాలి అని. క్రంబోల్ట్జ్ తానే కాలేజీలో ఏ సబ్జెక్టు తీసుకోవాలో తేలక తన టెన్నిస్ కోచ్‌ను అడిగితే, ఆ కోచ్ సైకాలజీ చెప్పే అధ్యాపకుడు కావటంతో సైకాలజీలోకి వెళ్ళాడట. నా సంగతీ అంతే. 1996 నవంబరు 6 తుపాను నాటికి నేను బీఎస్సీ అయిపోయి ఇంట్లో ఉన్నాను, సంబంధాలు చూస్తున్నారు. ఒక్క రాత్రిలో మా కొబ్బరి తోట నేలకి ఒరిగింది. సంబంధాల మాట ఆగిపోయింది. ఊరంతా బడిలో తలదాచుకున్న రోజుల్లో చిన్నపిల్లలు ఏడవకుండా నేను కథలు చెప్పి, బొగ్గుతో గోడ మీద బొమ్మలు గీసి చూపించాను. పది రోజులు. ఆ పది రోజుల తర్వాతే బీఈడీ చదువుతానని నాన్నని అడిగాను. కాబట్టి చేరిన గ్రూపు నచ్చలేదని ఏడ్చే పిల్లలకి నేను ధైర్యంగా చెప్పగలను, దారి ఇక్కడితో మూసుకుపోలేదని.

ఇక నేను అడిగేవి. జాతీయ విద్యా విధానం 2020లో, ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా పిల్లల్ని స్థానికంగా పనులు చేసేవాళ్ళ దగ్గర నేర్చుకోవటానికి పంపాలని రాసి ఉంది. పిల్లలు పనులు కొట్టేసుకునే వయసు సరిగ్గా అదే. మా డెల్టాలో ఆ పది రోజులకి కొదవ ఉందా? స్వర్ణ వరి పుట్టిన మార్టేరు పరిశోధన స్థానం, అంబాజీపేట, కడియం నర్సరీలు, కాకినాడ మత్స్య సాంకేతిక సంస్థ, ధవళేశ్వరం బ్యారేజీ తూముల దగ్గర పనిచేసే లస్కర్లు, ఐస్ ప్లాంట్లు, బండార్లంక మగ్గాలు. ఆ పది రోజులు బడి ఆవరణలోనే రంగోలీలు వేయించి ముగించకుండా, నిజంగా బయటికి తీసుకెళ్ళేలా విద్యాశాఖ వారు బస్సు ఖర్చు ఇవ్వాలి. మండలానికి కనీసం ఒక టీచరుకి కౌన్సెలింగ్ శిక్షణ ఇప్పించి, వారంలో రెండు పూటలు ఆ పనికే వదలాలి. పది తర్వాత దారుల గురించి బడుల్లో మాట్లాడేవాళ్ళకి ఏ కాలేజీ అడ్మిషన్లతోనూ సంబంధం ఉండకూడదు. ఇది ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని.

నీళ్ళ సీసా తెచ్చిన అబ్బాయిని 2019లో మళ్ళీ చూశాను. ఓపెన్‌లో ఇంటర్ పూర్తిచేసి, రొయ్యల చెరువుల నీళ్ళూ మట్టీ పరీక్ష చేసే ల్యాబులో పనికి చేరి, అక్కడే అన్నీ నేర్చుకున్నాడు. నన్ను చూసి ఈసారి సైకిలు మళ్ళించలేదు, బండి ఆపి దిగాడు. నేను క్షమించమని అడిగాను. "అయ్యో, అదేంటండి టీచర్" అని కంగారు పడ్డాడు. అప్పటి నుంచి ఏటా ఒక రోజు మా బడికి వచ్చి పిల్లల చేత చెరువు నీళ్ళలో ప్రాణవాయువు కొలిపిస్తున్నాడు. తెల్లారుజాముది ఒక సీసా, మధ్యాహ్నానిది ఒక సీసా, రెండూ తనే పట్టుకొస్తాడు.

మీకు కూడా ఒక విన్నపం. జూన్‌లో బడి తెరిచాక ఎనిమిదో తరగతికి మళ్ళీ ఆ కాగితం ఇస్తాను. ఇన్నేళ్ళుగా ఆ నలభై పనుల్లో విలేకరి లేదు, పేజీలు దిద్దే డెస్కు ఉద్యోగం లేదు, రాత్రిపూట పత్రిక అచ్చు వేసే యంత్రం దగ్గర నిలబడే పని లేదు. నాకే తట్టలేదు. ఈసారి చేరుస్తున్నాను. మీ దగ్గర నుంచి ఎవరైనా ఒకరు, పెద్ద హోదాలో ఉన్నవాళ్ళే కానక్కర్లేదు, మా వైపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళయితే మరీ మంచిది, ఒక గంట వచ్చి ఆ పనిలోకి ఎలా వచ్చారో పిల్లలకి చెప్పగలరా? రాజోలు బస్‌స్టాండులో దిగితే చాలు. నేను గానీ మా లెక్కల మేష్టారు గానీ బండి వేసుకుని ఎదురొస్తాం.

ఇట్లు,
జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
రాజోలు మండలం, కోనసీమ జిల్లా.
(పేరు, చిరునామా విడిగా జతపరిచాను. పిల్లల ఆనవాళ్ళు తెలియకూడదు కనుక పత్రికలో వేయవద్దని మనవి.)